నాయనమ్మ కారం మానేసిన ఏడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కూర వండని రోజులు చాలా ఉండేవి గానీ, కొరివికారం లేని రోజు మాత్రం ఉండేది కాదు. పండుమిరపకాయలూ ఉప్పూ చింతపండూ కలిపి రోట్లో దంచి జాడీకెత్తిన ఆ ఎర్రటి ముద్దతో మా నాయనమ్మ ఏ తిండికైనా ప్రాణం పోసేది. పొద్దున చద్దన్నంలోకి పచ్చి ఉల్లిపాయతో పాటు అదే. మధ్యాహ్నం వేడన్నంలోకి వెల్లుల్లి పోపు పెట్టి అదే. సొరకాయ పప్పు చప్పగా ఉందని ఎవరైనా మొహం చిట్లిస్తే పక్కన నంజుకోవడానికీ అదే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మినపట్టు మీద రాసి మడిచి ఇచ్చేది. ఇప్పుడు మా మనవలు నూడిల్స్ మీద సీసా బోర్లించి ఎర్రటి సాసు పోసుకుంటుంటే వాళ్లమ్మ కేకలేస్తుంది గానీ నేనేమీ అనను. తెల్లగా కనిపించినదాన్ని ఎర్రగా చేసుకుంటే తప్ప ముద్ద దిగని వంశం మాది.

మాది పామర్రు దగ్గర చిన్న ఊరు. మా పేటలో ఉన్న పాతిక ముప్పై కుటుంబాలవాళ్లమూ చర్చికి వెళ్లేవాళ్లమే. నాన్న కౌలుకి చేసేవాడు, అమ్మ కూడా పొలం పనులకు వెళ్లేది, ఇల్లు నాయనమ్మ చూసుకునేది. నాయనమ్మ నాలుకంటే పేటంతటికీ గురి. ఏ ఇంట్లో ఏడాదికి సరిపడా పచ్చడి పెట్టుకున్నా, జాడీకెత్తే ముందు ఒక ఆకులో ఇంత పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవాళ్లు, ఉప్పు చూడమని. ఆవిడ చూపుడువేలితో అందుకుని నాలిక మీద పెట్టుకుని కళ్లు మూసుకునేది. ఇంకో దోసెడు పడాలనో, చాలనో చెప్పేది. ఉప్పు తగ్గితే వానాకాలం వచ్చేసరికి పచ్చడి బూజుపడుతుంది. బూజుపడితే ఆ ఏడాదంతా ఆ ఇంట్లో నంజుకోవడానికి ఏమీ ఉండదు. అందుకని నాయనమ్మ ఆ పనిని ఆటగా తీసుకునేది కాదు. ఉప్పు చూసేటప్పుడు నేను మాట్లాడిస్తే నెత్తిన మొట్టేది.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు, సరిగ్గా మినుములు పీకే రోజుల్లో, మా నాన్నకి పచ్చకామెర్లు వచ్చాయి. ముందు అన్నం సయించడం లేదన్నాడు, తర్వాత కళ్లు పచ్చబడ్డాయి, ఆ తర్వాత మంచం మీద నుంచి లేవలేకపోయాడు. పామర్రు డాక్టరుగారు మందులిచ్చి, కారం, నూనె వాసన కూడా తగలనివ్వొద్దని మరీ మరీ చెప్పి పంపారు. చేలో పంట అలాగే ఉంది కనుక అమ్మ చీకటితో లేచి కూలివాళ్లతో పాటు వెళ్లిపోయేది. నాన్నకి మెత్తగా ఉడికించిన అన్నం, పలచటి మజ్జిగ, చెరకు రసం. కారం లేని అన్నం చూసి నాన్న గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాయనమ్మ మంచం పట్టె మీద కూర్చుని చిన్నపిల్లాడికి పెట్టినట్టు పెట్టేది.

అప్పుడే తపస్సు కాలం మొదలైంది. ఈస్టర్‌కి ముందు వచ్చే ఆ నలభై రోజులూ మా పేటలో తలా ఒకటి మానేసేవాళ్లు. చుట్ట మానేసేవాళ్లు కొందరు, మాంసం మానేసేవాళ్లు కొందరు. నాయనమ్మ ఆ ఏడు కారం మానేసింది. ఆ నలభై రోజులూ మొదలయ్యే విభూది బుధవారం నాడు చర్చి నుంచి వచ్చి, కొడుకు మంచం దగ్గర మోకాళ్ల మీద నిలబడి గుణదల మాతకి మొక్కుకుంది. కొడుకు లేచి తిరిగే దాకా, కనీసం ఈస్టర్ దాకా, తన నోట కారం పడదని. వాడు చప్పిడి తింటుంటే నేను కారం ఎలా తింటానని అమ్మతో అంది. అదీ మిరపపళ్ల బుట్టలు ఇంటింటికీ దిగే రోజుల్లో, ఊరంతా రోకళ్ల చప్పుడు మోగే రోజుల్లో. నాయనమ్మ మా ఇంటి జాడీని గుడ్డతో వాసెన కట్టించి అమ్మ పుట్టింటికి పంపేసింది. ఆ ఏడు మేం పచ్చడి పెట్టుకోలేదు.

పక్కింట్లో కొత్తగా కాపురానికి వచ్చిన అక్క ఉండేది. చల్లపల్లి పిల్ల, మాటకి ముందు నవ్వేది. వాళ్లత్తగారు మాత్రం మాటకి ముందు చెయ్యెత్తే రకం. ఆవిడ ఏదో పని మీద కూతురింటికి వెళుతూ, తిరిగొచ్చేసరికి ఏడాది పచ్చడి జాడీలో ఉండాలని కోడలికి చెప్పి వెళ్లింది. అక్క కాయలు తుడిచి, తొడిమలు తీసి, ఒళ్లు మండేలా రోజంతా దంచింది. తీరా ఉప్పు చూద్దామంటే నోరు పనిచెయ్యడం లేదు. కొత్తగా నెల తప్పింది, వేవిళ్లు. ఏం నోట్లో పెట్టుకున్నా చేదే తగులుతోంది. మర్నాడు పొద్దున్నే అత్తగారు దిగుతుంది. సాయంత్రం అక్క ఆకులో పచ్చడి ముద్ద పెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మిరప ఘాటుకో ఏడుపుకో నాకు తెలియలేదు.

నాయనమ్మ మొక్కు సంగతి అక్కకి తెలియదు. నేను నోరు తెరవబోయాను. నాయనమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది, అంతే, నోరు మూసుకున్నాను. ఆవిడ ఆకు వంక చూసింది, లోపల మంచం మీదున్న నాన్న వంక చూసింది, మళ్లీ అక్క కడుపు వంక చూసింది. తర్వాత చూపుడువేలితో అందుకుని నాలిక మీద పెట్టుకుంది. ఎప్పటిలా కళ్లు మూసుకుంది. ఇంకో గుప్పెడు వేసి ఒక్కసారి తిరగదంచమంది. అక్క వెళ్లాక పెరట్లోకి వెళ్లి నోరు చాలాసేపు పుక్కిలించింది. ఆ రోజు రాత్రి అన్నం తినలేదు.

రెండు రోజులు పోయాక అక్క నవ్వు మొహంతో వచ్చింది. అత్తగారు ఒక్క మాట కూడా అనలేదట. మా ఇంటికి తొలి ముద్ద అని చెప్పి, ఇంగువ పోపు పెట్టిన కొరివికారం చిన్న గిన్నెలో పెట్టి తెచ్చింది. పచ్చడి పెట్టినవాళ్లు ఉప్పు చూసిన ఇంటికి అలా ఇవ్వడం మా పేటలో ఆనవాయితీ, వద్దనకూడదు. నాయనమ్మ పుచ్చుకుని, మూత పెట్టి, వంటింటి గూట్లో నాకు అందని ఎత్తున పెట్టింది.

ఆ వారంలోనే నాన్నకి తిరగబెట్టింది. అప్పటికి కాస్త తేరుకుని గుమ్మం దాకా వచ్చి కూర్చుంటున్న మనిషి మళ్లీ జ్వరంతో పడ్డాడు. నీళ్లు తాగినా వాంతి అయ్యేది. డాక్టరుగారు ఈసారి పెదవి విరిచారు, ఇంకా తగ్గకపోతే బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకుపోవాల్సి ఉంటుందన్నారు. నాయనమ్మ పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపం గురువుగారి దగ్గర ఒప్పుకోవడానికి, చర్చికి వెళ్లింది, నన్నూ తోడు తీసుకెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు కాలవ గట్టు మీద నేనే అడిగాను, గురువుగారు ఏమన్నారని. కడుపుతో ఉన్న పిల్ల కోసం చేశావు, అది పాపం కాదు, ఇంటికెళ్లి అన్నం తిను అన్నారట. చెప్పి, కాసేపు నడిచి, తనలో తను అనుకుంటున్నట్టుగా అంది.

"ఆయన మంచోడే. కానీ ఆడ్ని కన్నది నేను గదటే."

ఆ రోజు నుంచి ఆవిడ ఉప్పు కూడా మానేసింది. తర్వాత ఒక పూట తిండే మానేసింది. అమ్మ పొలం నుంచి వచ్చేసరికి తిన్నానని చెప్పేది, నాకు తెలుసు తినలేదని. మంచం పక్కన కూర్చుని జపమాల తిప్పుతూ ఉండేది. నాన్న నిద్రలో మూలిగితే చాలు, ఆవిడ తన చూపుడువేలి వంక చూసుకునేది. ఆ చూపు చూడలేక నేను బయటికి పోయేదాన్ని. మందులు పనిచేసి నాన్నకి వాంతులు తగ్గాయి గానీ, నాయనమ్మ మాత్రం నా కళ్ల ముందే కరిగిపోతోంది. చివరికి ఒక మధ్యాహ్నం బోరింగు దగ్గర బిందె ఎత్తుతూ ఎత్తుతూ కూలబడిపోయింది.

పక్కింటి అక్కా నేనూ పట్టుకొచ్చి చాప మీద పడుకోబెట్టాం. అక్క పంచదార నీళ్లు పట్టబోతే నాయనమ్మ పళ్లు బిగపట్టింది. అక్క భయపడి ఎందుకిలా అని అడిగింది. నేను ఇక ఆగలేక మొక్కు సంగతీ ఉప్పు సంగతీ చెప్పేశాను. అక్క మొహం పాలిపోయింది. నా మూలానే అని తలుపు చెక్కకి తల ఆనించి ఏడవడం మొదలుపెట్టింది. అంతవరకూ మంచం మీద కళ్లు మూసుకుని పడుకున్న నాన్న అంతా విన్నాడు. గోడ పట్టుకుని లేచి, ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి తల్లి పక్కన చాప మీద కూర్చున్నాడు. ఆయన అంత దూరం నడిచి చాలా రోజులైంది. ఆయాసం తీర్చుకుని అప్పుడు అన్నాడు.

"అమ్మా, నీ మొక్కూ కాదు, పాడూ కాదు. నేనే తిన్నా. గూట్లో గిన్నె తీసి అన్నంలో కలుపుకుని తిన్నా. నాకు తిరగబెట్టక ముందు ఆదివారం, నువ్వు చర్చికెళ్లినప్పుడు. భయమేసి చెప్పలేదు."

నాయనమ్మ కళ్లు తెరిచింది. కొడుకు మొహంలోకి చూసింది. నాన్న చూపు తిప్పుకోలేదు. అక్క ఏడుపు ఆపింది. నాకు నాన్న మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇన్ని రోజులు ఈ ముసలామె ఇలా మాడి చస్తుంటే చూస్తూ ఊరుకున్నాడా అనిపించింది.

"పిల్లా, ఆ గిన్నె తే" అంది నాయనమ్మ.

నేను వంటింట్లోకి వెళ్లాను. నాన్న, గిన్నె నీకు అందదులే అంటూ నా వెనకే గోడ పట్టుకుని వచ్చాడు. గిన్నె దించి మూత తీశాడు. నేను మునివేళ్ల మీద లేచి తొంగిచూశాను. పచ్చడి నున్నగా ఉంది. పైన నూనె తేరుకుని ఉంది. దాని మీద వేలి గుర్తు కూడా లేదు. అక్క తెచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. నేను తలెత్తి నాన్న వంక చూశాను. నాన్న చెంచా తీసుకుని మధ్యలోంచి ఇంత తోడి, కిటికీలోంచి బూడిద గుంటలోకి విసిరేశాడు. చెంచా నీళ్ల కుండ పక్కనున్న చెంబులో ముంచి కడిగాడు. తర్వాత నా నెత్తి మీద చెయ్యి వేసి ఒక్క క్షణం గట్టిగా అదిమాడు. ఆ చేతి బరువు ఇప్పటికీ తెలుస్తూ ఉంటుంది నాకు. గిన్నె నా చేతికిచ్చి, పద అన్నాడు.

నాయనమ్మ గిన్నె అందుకుని లోపలికి చాలాసేపు చూసింది. గుంట పడ్డ చోటు చూసింది. తర్వాత ఆవిడ గిన్నె పక్కన పెట్టేసి, తిట్టడం మొదలుపెట్టింది. వెధవ అంది, తిండిపోతు అంది, నోరు కట్టుకోలేనోడివి నన్నెందుకు చంపావంది. తిడుతూ తిడుతూ ఏడ్చింది. నాన్న తల వంచుకుని అన్నీ పడ్డాడు. చివరికి కొంగుతో మొహం తుడుచుకుని, నన్ను అన్నం పెట్టమంది. మజ్జిగా ఉప్పూ వేసుకుని కంచం ఖాళీ చేసింది. కారం మాత్రం మొక్కు ప్రకారం ఈస్టర్ దాకా ముట్టలేదు. ఈస్టర్ నాటికి నాన్న తన కాళ్ల మీద చర్చికి నడిచాడు.

ఆ పండక్కి ముందు నాన్న పాపసంకీర్తనానికి వెళ్లి అందరికంటే ఎక్కువసేపు మోకాళ్ల మీద ఉన్నాడు. నాదీ ఆ ఏడే మొదటి పాపసంకీర్తనం. సత్యోపదేశం క్లాసులో సిస్టరుగారు అబద్ధం ఎంత పెద్ద పాపమో చెబుతుంటే నాకు చెమటలు పట్టేవి. చెబితే నాన్న బయటపడతాడు, చెప్పకపోతే నేను నరకానికి పోతాను. గురువుగారికి ఏం చెప్పానో మీకు చెప్పను గానీ, చాలా ఏళ్లు ఆ ఇంట్లో ఆ సంగతి నాన్నకీ నాకూ మాత్రమే తెలుసనుకుంటూ బతికాను. నాయనమ్మ నాన్నని తిండిపోతని దెప్పినప్పుడల్లా లేచి పెరట్లోకి పోయేదాన్ని.

ఆ తర్వాత నేను నర్సింగ్ చదివాను. కారానికీ కామెర్లు తిరగబెట్టడానికీ సంబంధం లేదని అప్పుడు తెలిసింది. అంటే నాయనమ్మ వేలి తప్పూ లేదు, నాన్న తిన్నా తినకపోయినా తప్పు లేదు. సెలవులకి వెళ్లినప్పుడు ఆ మాట నాయనమ్మకి చెప్పాను. ఆవిడ తలూపి, మంచిదేలే అంది గానీ పెద్దగా పట్టించుకోలేదు. ఆవిడకి ఊరట పుస్తకాల్లోంచి రాలేదు.

పెళ్లయి విజయవాడలో కాపురం పెట్టాక, మొదటిసారి సొంతంగా కొరివికారం పెట్టుకున్నాను. పోపు పెట్టిన గిన్నెలోంచి ఒక చెంచా తీసి వాడుకుని, మర్నాడు మూత తీసి చూస్తే, నిన్న తీసిన గుంటలోకి నూనె ఊరి నిండిపోయి ఉంది. అంచులు కూడా నల్లబడ్డాయి. నేను గిన్నె చేతిలో పట్టుకుని వంటింట్లో అలాగే నిలబడిపోయాను. ఆ రోజు నాన్న తోడిన గుంట పొడిగా, ఎర్రగా, అప్పుడే కోసిన గాయంలా ఉంది. పదీ పదిహేను రోజుల కిందట తీసిన గుంట అలా ఉండదని పచ్చడి పెట్టే ఏ ఆడదానికైనా తెలుస్తుంది. మా నాయనమ్మకి తెలియదా? అంతసేపు చూసింది ఊరికేనా? తెలిసే తిట్టింది. తెలిసే అన్నం తింది. అప్పటికి ఆవిడ పోయి ఏడాది దాటింది. అడగడానికి లేకుండా పోయింది.

ఇదంతా ఎందుకు చెప్పుకొస్తున్నానంటే, కిందటేడాది మా వారు పోయారు. బీపీ మనిషి. ముప్పై ఏళ్లకు పైగా ఆస్పత్రిలో ఉద్యోగం చేసి, ఎవరెవరికో ఉప్పు తగ్గించండని చెప్పి వచ్చినదాన్ని నేను. ఇంటికొచ్చాక ఆయన కంచం పక్కన కొరివికారం పెట్టకపోతే, చిన్నపిల్లాడిలా మొహం పెట్టేవారు. ఆ మొహం చూడలేక పెట్టేదాన్ని. కొంచెమే అనుకుంటూ పెట్టేదాన్ని. ఒక పొద్దున లేవలేదు. డాక్టర్లు వయసన్నారు, గుండె రక్తనాళాలన్నారు, పచ్చడి వల్ల కాదమ్మా అని నాతో పనిచేసిన పెద్ద డాక్టరుగారే స్వయంగా చెప్పారు. విన్నాను. అప్పటి నుంచీ నా కంచంలో ఎర్రటిది ఏదీ పెట్టుకోలేదు. మజ్జిగన్నం తిని లేచేదాన్ని. అదీ సగం.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి నెలకోసారి వస్తాడు. మొన్న వచ్చినప్పుడు నా ఎదురుగా కూర్చుని, నేను కంచం తోసెయ్యబోతుంటే, నీళ్లు తాగి మెల్లగా అన్నాడు.

"నువ్వు తగ్గించేశావని నాన్న నన్నడిగేవారమ్మా. నువ్వు చర్చికెళ్లినప్పుడు నేనే పెట్టేవాణ్ణి. బాగా పెట్టేవాణ్ణి. నీకు తెలిస్తే ఏమంటావోనని చెప్పలేదు."

వాడు వచ్చిన రెండు రోజులూ నేను ఇల్లు కదలను. వాడొచ్చే వారం చర్చిలో ఆదివారం పూజ కూడా శనివారం సాయంత్రమే చూసుకుని, వాడు బస్సు దిగేసరికి గుమ్మంలో ఉంటాను. వాళ్ల నాన్నకి వాడు ఒక్క పూట కూడా అన్నం వడ్డించి ఎరగడు. మా నాన్న సంగతి వాడికి నేనెప్పుడూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. వాడంతట వాడే కట్టాడు ఆ మాట, అదీ సరిగ్గా కట్టలేకపోయాడు పాపం. నా మొహంలోకి చూస్తూనే ఉన్నాడు, చూపు తిప్పుకోలేదు.

"ముందే చెప్పి చావొచ్చు కదరా" అని కసిరాను. ఇంకా రెండు మాటలు అన్నాను. నాయనమ్మ అంత బాగా తిట్టడం నాకు రాదు. వాడు తల వంచుకుని పడ్డాడు. లేచి వెళ్లి అల్మారాలోంచి కొరివికారం సీసా తెచ్చుకుని, వేడన్నంలో ఇంత కలుపుకుని వాడి ముందే తిన్నాను. నాలిక మండి కళ్లలో నీళ్లు తిరిగాయి. చాలా రోజులైంది కదా మరి.

నా తప్పు ఎక్కడికీ పోలేదు, నా దగ్గరే ఉంది. ఆయన మంచం వైపు చూసినప్పుడల్లా ఉంటుంది. కానీ దాన్ని తన మీద వేసుకుందామని పిల్లాడొకడు ఒక అబద్ధం ఎత్తుకుని తిరుగుతుంటే, నేను కంచం ముందు మొండిగా కూర్చోవడం భావ్యం కాదు. వాడు రోజూ పొద్దుపోయాక ఫోన్ చేస్తాడు. పచ్చడేసుకుని తిన్నావా అమ్మా అని మొదట అదే అడుగుతాడు. తిన్నానురా అంటాను. ఆ ఒక్క మాటా అబద్ధం కాకుండా చూసుకుంటున్నాను.